జపాను పన్నీరు

"చల్లవే పన్నీరు చిన్నారి చెల్లీ,
ఎండన నడిచొచ్చె ఏడూళ్ళ వియ్యాలు..."

మూడో వరుస ఒకటి ఉండాలి. నా చిన్నప్పుడు పెండ్లిండ్లలో ఆడవాళ్ళంతా గుంపుగా పాడేవాళ్ళు. "తలలు చల్లనగాను..." అని ఏదో మొదలవుతుంది, ఆ తర్వాత నాకు ఉత్త రాగమే మిగిలింది. మొన్న ఆదివారం నుంచి ఈ రెండు వరుసలే నోట్లో తిరుగుతున్నాయి. ఎందుకంటే మొన్న ఆదివారం కడప నుంచి మా ఇంటికి వచ్చిన వియ్యాలవారి మీద నేను చల్లింది పన్నీరు కాదు. ఏం చల్లినానో చెప్తాను, నవ్వకుండా వింటారా? పోనీ, నవ్వండి. నేనైతే ఆ రోజే నవ్వేసినాను, అదీ నవ్వకూడని చోట.

మేము కర్నూలు పక్కన కల్లూరులో ఉంటాం. మావాడు రామాంజి అక్కడే పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఈ ఎండాకాలం మొదట్లో వాళ్ళకు జపాను నుంచి ఒక మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి దాని వెనకాలే ఒక మనిషి కూడా వచ్చినాడు. పేరు కెంజి. ముప్పై ఏళ్ళుంటాయి. లాడ్జిలో దిగినాడు గానీ, హోటలు కూరల కారానికి మూడో రోజుకే కండ్లు ఎర్రబడి, కడుపు పట్టుకోని కూర్చున్నాడంట. రామాంజి జాలిపడి ఇంటికి పిల్చుకోనొచ్చినాడు. ఇంక ఇరవై రోజులు మధ్యాహ్నం పూట మా ఇంట్లోనే పెరుగన్నం.

ఆ అబ్బాయి మర్యాద ఏమని చెప్పేది! అన్నం తట్ట ముందర పెడితే నడుము వంచి దండం పెట్టేవాడు. అది చూసి మా ఆయన మద్దిలేటి ఊరుకుంటాడా, తనూ వంగేవాడు. ఈయన వంగినాడని ఆ అబ్బాయి మళ్ళా వంగేవాడు. వాళ్ళిద్దరి వంగుళ్ళు అయిపోయేలోపల నేను ఉప్పేసి, అన్నం కలిపి, తాలింపు కూడా పెట్టేదాన్ని.

పోయే రోజు నీలం గుడ్డలో మూట ఒకటి తెచ్చి, రెండు చేతులతో మా ఆయనకు ఇచ్చినాడు. విప్పితే లోపల చెక్కపెట్టె. పెట్టెలో నాలుగు వస్తువులు: ఒక చిన్న రేకు డబ్బీ, ఒక నూనె సీసా, ఒక పొడి డబ్బా, ఒక పొడుగాటి తెల్ల సీసా. అన్నిటి మీదా జపాను రాతలే.

రామాంజి బయట బండి స్టార్టు చేస్తున్నాడు, రైలుకు టైమవుతోందని. ఆ అబ్బాయి ఇంగ్లీషు మాకు, మా తెలుగు ఆ అబ్బాయికి అందించేవాడు వాడొక్కడే. వాడు లేకపోతే మేము ముగ్గురం మూగవాళ్ళమే. కెంజి ఆ పొడుగు సీసాను వేలితో చూపించినాడు. చూపించి, కండ్లు మూసుకోని, రెండు అరచేతులతో రెండు చెంపలూ టపటపా కొట్టుకున్నాడు. పండ్లు బిగించి "స్స్" అని కూడా అన్నాడు.

మా ఆయన బిత్తరపోయినాడు. మనవైపు రెండు చెంపలూ అట్లా ఎవరు కొట్టుకుంటారు? దేవుని ముందర నిలబడి తప్పు ఒప్పుకునేవాళ్ళు కదా.

"ఏమప్పా, ఏం తప్పు చేసినావని లెంపలేసుకుంటాండావు?" అని మా ఆయన ఆ అబ్బాయి చేతులు పట్టుకున్నాడు.

ఆ అబ్బాయి చేతులు విడిపించుకోని మళ్ళా సీసా చూపించి, ఈసారి ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఇరవై రోజులు అన్నం తిన్నందుకు ఇంత మొహమాటమా?

"వద్దు బిడ్డా, తిండి పెట్టేదానికి తప్పేముండాది?" అని తల నిమిరినాను.

మా ఆయన ఇంకా ఒకడుగు ముందుకు పోయినాడు. "తప్పు మాది నాయనా. ఒక దినం పప్పులో కారం ఎక్కువైపాయె," అని తనూ లెంపలేసుకున్నాడు. అది చూసి నేనూ వేసుకున్నాను. కెంజి మా ఇద్దర్నీ చూసి, తన మాట మాకు అర్థమైందనుకున్నాడేమో, మొహమంతా వెలిగిపోయింది. నడిమింట్లో నిలబడి ముగ్గురం చెంపలు కొట్టుకుంటుంటే రామాంజి గడపలోకి వచ్చి, "ఏంది ఇది, ట్రైను పోతాది," అని ఆ అబ్బాయిని లాక్కోని పోయినాడు.

స్టేషను నుంచి తిరిగొచ్చినంక చెప్పినాడు: "అవి జపానులో పాతకాలం నుంచి మొగోళ్ళు పూసుకునే వాసన సామాన్లంట అమ్మా. తలకు రాసుకునేది ఒకటుండాది, మీసానికి ఒకటి, గడ్డం గీసుకున్నంక పూసుకునేది ఒకటి. ఏది ఏదో నేను అడగల్యా. నాయన చూసుకుంటాడులే."

నాయన ఎట్లా చూసుకుంటాడు? ఆయన గడ్డం రొమ్ము దాకా ఉంది. మా మనవరాలు ప్రసన్నకు సంబంధం కుదిరేదాకా గడ్డం తీయనని, కుదిరినంక అహోబిలం పోయి నరసింహస్వామికే ఇస్తానని మొక్కు. ఏడాది దాటింది. రామాంజికి కూడా తండ్రి మొక్కు తీరేదాకా కత్తి ముట్టనని పట్టుదల. అంటే మా ఇంట్లో గీసిన చెంప ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మొత్తం గోలంతా ఇక్కడే పుట్టింది.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. నేర్పించింది ప్రసన్నే. అప్పుడు తను ఎనిమిదో తరగతి. బడి నుంచి వచ్చి, మూతి కడుక్కోకుండా నా చేతికి పలక ఇచ్చేది. 'ఱ' రాయలేక నేను ఏడిస్తే, "దాన్ని వదిలెయ్యవ్వా, అది ఎవురికీ పని లేదులే," అని ఓదార్చేది. చదువు వచ్చినప్పటి నుంచి వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించడం నాకు అలవాటు. కందిపప్పు, మిరియాలు, వాము. ఉప్పు డబ్బాకు కూడా చీటీ ఉంది. ఉప్పు ఎవరికి తెలియదని కోడలు నవ్వుతుంది. తెలియక కాదు, చదువుకోవడానికి.

అట్లాంటి దాన్ని ఆ జపాను సీసాలు ముందర పెట్టుకుంటే ఏమైందంటే, మళ్ళా చదువు రానిదాన్ని అయిపోయినాను. ఆ రాతలు ఎట్లా ఉన్నాయనుకున్నారు? కిటికీలు, నిచ్చెనలు, గొడుగు పట్టుకున్న మనుషులు. ఒక్క ముక్క నోటికి రాదు. నాకు సహించలేదు. వీటికి తెలుగు చీటీలు నేనే రాస్తానని కూర్చున్నాను. ఏది ఏదో ముక్కుతో తేల్చుకుందామని.

మొదట రేకు డబ్బీ. లోపల గట్టి మైనం. గోరుతో గీకి మా ఆయన మీసానికి పట్టించినాను. నిమ్మతొక్క వాసన, నల్లమల అడవిలో చెట్టు బంక వాసన కలిసి వచ్చింది. మీసం రెండు కొనలూ తేలుకొండి మాదిరి పైకి లేచినాయి. లేచినవి మూడు రోజులు పడుకోలేదు. వీధిలో ఆయన్ను చూసి పిల్లలు దారి ఇచ్చేవాళ్ళు. ఆయనకు అది శానా నచ్చింది. చీటీ రాసినాను: మీసం మైనం.

నూనె సీసాలో తేల్చుకోవడానికి ఏముంది? తల నూనె.

పొడి డబ్బా మూత తీసినాను చూడండి, అహోబిలంలో గర్భగుడి తలుపు తీసినట్టయింది. గంధం, లవంగం, పచ్చకర్పూరం. నేను కండ్లు మూసుకోని అట్లే కూర్చుండిపోయినాను. ఎక్కడి జపాను, ఎక్కడి నల్లమల? వాళ్ళ దేవునికీ మన దేవునికీ ఒకే వాసన ఇష్టమా?

"ఇదేమే?" అన్నాడు మా ఆయన.

"గడ్డం గీసుకున్నంక పూసుకునేది," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"గుండు చేయించుకున్నంక నెత్తికి ఏం పూస్తాం?"

"గంధం."

"ఇదేంది?"

"గంధమే."

"మరి? నెత్తికైతేనేమి, గడ్డానికైతేనేమి?"

ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. యాభై ఏళ్ళ కాపురంలో నా తెలివికి ఆయన అంత గౌరవం ఇచ్చింది ఆ ఒక్కసారే. చీటీ రాసినాను: గడ్డం గంధం.

ఇంక మిగిలింది పొడుగు సీసా. లోపల నీళ్ళ మాదిరి పల్చగా ఉంది. పైన చామంతిపువ్వు బొమ్మ. మూత తీస్తే కమ్మటి వాసన. ఇదేందో నాకు అనుమానం ఉంది గానీ, ఒక మాట తెలిసినవాళ్ళను అడుగుదామని ఆటో ఎక్కి వన్ టౌనుకు పోయినాను. అక్కడ మాబు సాబు అత్తరు అంగడి ఉంది. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. వాసన విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

మాబు సాబు నా ముంజేతి వెనక ఒక చుక్క వేసినాడు. నేను రుద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"రుద్దొద్దు వదినా. రుద్దితే నలిగిపోతాది. వాసనకు మూడు తలుపులుంటాయి. మూత తీస్తానే తెరుచుకునేది మొదటిది. చూడు, నారింజ తొక్క."

"అవును."

"అది మూసుకుంటాండాది. ఇప్పుడు రెండోది."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చామంతి. మంచు పడిన చామంతి.

"మూడోది?"

"మూడోది ముసలిది. నిదానంగా లేస్తాది. కూర్చో, చాయ్ తెప్పిస్తా."

"చాయ్ తాగేంత తీరిక యాడుండాది సాబూ? ఆదివారం కడపోళ్ళు వస్తాండారు. ఒక్క మాట చెప్పు, ఇది పన్నీరేనా?"

ఆయన మళ్ళా వాసన చూసినాడు. నుదురు ముడేసినాడు. "పన్నీరు మాదిరే ఉండాది. కానీ లోపల ఎవురో దాక్కోనుండారు వదినా. శానా సల్లటోడు."

"పన్నీరన్నంక సల్లగా ఉండదా?"

"ఉంటాది. ఇది ఇంకో మాదిరి సలవ. ఆగితే చెప్తా."

నేను ఆగలేదు. తమలపాకులు తీసుకోని ఇంటికొచ్చి, నా దగ్గరున్న కాగితాల్లో మంచిది కత్తిరించి, గుండ్రంగా రాసి అంటించినాను: జపాను పన్నీరు. ఇంట్లో అందరికీ చూపించినాను. రాతలో 'న్నీ' బాగా కుదిరిందని ప్రసన్న మెచ్చుకుంది కూడా.

ఆదివారం వచ్చేవాళ్ళు మామూలు చుట్టాలు కాదు. ప్రసన్న కర్నూలులో టీచరు. కడపలో ట్రైనింగు అయినప్పుడు హరి అనే అబ్బాయితో పరిచయం. అతనూ టీచరే. ఈ సంగతి ప్రసన్న మొదట చెప్పింది నాకే, నాకు వత్తులు నేర్పించిన ఆ పాత పలక మీద ఆ అబ్బాయి పేరు రాసి చూపించి. పిల్లా పిల్లోడూ ఇష్టపడినారు, పెద్దవాళ్ళూ ఒప్పుకున్నారు. ఒక్కరే మిగిలినారు. హరి వాళ్ళ తాత ఓబులయ్య. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఆ మనవడికి ముందర రెండు సంబంధాలు చూసి, రెండుచోట్లా మధ్యలో లేచి వచ్చేసినాడంట. ఒకచోట కాఫీ చల్లారిందని. ఇంకోచోట, ఎండన పడి వచ్చినాడే, ఎట్లుండావని ఒక్కరూ అడగలేదని. ఆయన లేచినాడంటే వెనకాలే జీపంతా లేస్తుందంట.

"అవ్వా, ఆయన కూర్చుంటే చాలు. లేవకుంటే చాలు," అని ప్రసన్న నాలుగు రోజులుగా నా కొంగు పట్టుకోని తిరుగుతోంది. నాకు అక్షరం ఇచ్చిన పిల్ల. దానికి ఈ ఒక్క మేలు చెయ్యలేనా? "ఎదురుపోయి పన్నీరు సల్లి, చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టేది నేనే. ఎట్ల లేస్తాడో చూస్తా," అని మాటిచ్చినాను.

ఆదివారం పది గంటలకే కరెంటు పోయింది. కూలరు మూగబోయింది. ఇల్లు పొయ్యిలో పెట్టినట్టుంది. నా పెండ్లినాటి వెండి పన్నీరుబుడ్డి తోమి పెట్టుకోని, పన్నీరు సీసా కోసం అల్మారా తెరిస్తే సీసా ఖాళీ.

"ప్రసన్నా, పన్నీరు యాడమ్మా?"

లోపలి నుంచి ప్రసన్న వచ్చింది, మొహమంతా మట్టి. "ముల్తానీ మట్టిలో కలుపుకున్నా అవ్వా. మొహం మెరవాల అన్నావు గదా."

వీధిలో జీపు ఆగిన శబ్దం. అంగడికి పంపే టైము లేదు. వట్టి నీళ్ళు చల్లితే ఓబులయ్య ఊరుకుంటాడా? నా కండ్లు నేరుగా పోయి నా చేతిరాత మీదే పడినాయి. జపాను పన్నీరు.

ఒక మాట ఒప్పుకోవాలి. చదువు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు రాతంటే నమ్మకం ఎక్కువ. రాసి ఉందంటే నిజమే అనుకుంటాం. రాసింది ఎవరు, దేన్ని చూసి రాసినారు, ఇవేవీ తోచవు. అది నేనే రాసినానన్న సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తే లేదు. సీసా మొత్తం బుడ్డిలోకి వంచేసినాను.

మొదట ఆడవాళ్ళు దిగినారు. చీరల భుజాల మీద చల్లినాను. "ఏం వాసనమ్మా ఇది, ఎంత బాగుండాది," అన్నారు. నా కాళ్ళు నేల మీద లేవు. హరి దిగినాడు, షర్టు మీద చల్లినాను. తర్వాత ఓబులయ్య దిగినాడు. ఎత్తయిన మనిషి, నెత్తికి తువ్వాల చుట్టుకోని ఉన్నాడు. మొహం కందిపోయింది.

"ఎండన పడి వచ్చినావు, ఎట్లుండావు అన్నా?" అని మొట్టమొదట అదే అడిగినాను. ఎంత ముందుచూపో చూడండి.

"ఎట్ల ఉండేదేమి చెల్లెమ్మా, కాలిపోతాండా. పొద్దున అహోబిలంలో తల ఇచ్చి వస్తాండా. మోకాలినొప్పి మొక్కు. ఆ మంగలాయప్ప కత్తికి పదును ల్యాక నెత్తంతా గీకి పెట్టినాడు. బాగా సల్లు," అని తువ్వాల తీసి తల వంచినాడు.

నున్నటి గుండు. పైన ఎండిపోయిన గంధం, గంధం సందుల్లో అక్కడక్కడా ఎర్రటి గీతలు. నేను మనసారా చల్లినాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి బుడ్డి మూతే వదులై, మిగిలింది మిగిలినట్టు ఆయన నెత్తి మీదా నా చేతుల మీదా పడింది.

ఒక క్షణం ఏమీ లేదు. రెండో క్షణం కూడా ఏమీ లేదు. మూడో క్షణంలో మాబు సాబు చెప్పిన మూడో తలుపు తెరుచుకుంది.

ఓబులయ్య గొంతులో నుంచి "ఆఁ" అని ఒక శబ్దం వచ్చింది. రెండు చేతులూ నెత్తి మీదికి పోయినాయి. పండ్లు బిగించి "స్స్" అన్నాడు. కండ్లలో నుంచి నీళ్ళు కారినాయి. తూలి అరుగు మీద కూలబడినాడు. ఆయన కొడుకు "నాయనా, ఏమైంది నాయనా?" అని ఉరికొచ్చినాడు. ఓబులయ్య ఎవరూ దగ్గరికి రావద్దని చెయ్యి అడ్డం పెట్టినాడు. జీపు డ్రైవరు అప్పుడే మళ్ళా స్టీరింగు దగ్గరికి పోయి కూర్చున్నాడు. అలవాటైన మనిషి మరి.

మా ఆయన గడ్డం పట్టుకోని స్తంభం మాదిరి నిలబడిపోయినాడు. కిటికీలో నుంచి ప్రసన్న మొహం కనిపించింది, సగం మట్టితో, సగం కడుక్కోని. అరవలేదు, ఏడవలేదు, నన్నే చూస్తోంది. నాకు పలక ఇచ్చినప్పుడు కూడా అట్లే చూసేది, ఈసారి సరిగ్గా రాస్తుందిలే అన్నట్టు.

ఓబులయ్య ముందర నిలబడి, "తప్పయిపాయె అన్నా, నన్ను తిట్టు, పిల్లను వదులుకోవద్దు," అని తడి చేతులతోనే రెండు లెంపలూ టపటపా వేసుకున్నాను.

వేసుకున్నానో లేదో, చెంపలు చురుక్కుమన్నాయి. ఆ చురుకు వెంబడే, ఎట్లా చెప్పేది మీకు, రెండు చెంపల మీదా రెండు ఐసుగడ్డలు పెట్టి ఎవరో పైనుంచి ఊదినట్టుంది. నోట్లోంచి దానంతట అదే వచ్చింది: "స్స్."

కండ్ల ముందర కెంజి నిలబడినాడు. సీసా వైపు చూపించడం, రెండు చెంపలూ కొట్టుకోవడం, పండ్లు బిగించి స్స్ అనడం. ఆ అబ్బాయి తప్పు ఒప్పుకోలేదు తల్లీ. దీన్ని ఎట్లా పూసుకోవాలో చూపించినాడు. మేమేమో పప్పులో కారానికి లెంపలేసుకున్నాం.

నవ్వు వచ్చేసింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆగలేదు. వియ్యాలవారు పదిమంది చూస్తుండగా, వాళ్ళ పెద్దాయన నెత్తి పట్టుకోని కూర్చోనుండగా, పిల్ల బతుకు కిటికీలో వేలాడుతుండగా, నేను పకపకా నవ్వుతున్నాను.

ఓబులయ్య ఒక కన్ను తెరిచినాడు.

"ఏందమ్మా, నవ్వుతాండావు?"

"నీకు ఎట్లుండాదో నాకు ఇప్పుడు తెలిసింది అన్నా."

"ఎట్లుండాది?"

"మొదట నిప్పు. తర్వాత ఐసు."

ఆయన రెండో కన్ను కూడా తెరిచినాడు. అరచేత్తో గుండు ఒకసారి నిమురుకున్నాడు. గాలి తగిలిందేమో, భుజాలు కిందికి దిగినాయి. చుట్టూ చూసినాడు, తెరిచిన తలుపులోంచి తిరగని ఫ్యాను వైపు, మూగబోయిన కూలరు వైపు.

"కరెంటు ల్యాదు గదా?"

"ల్యాదన్నా."

"నా నెత్తిన ఫ్యాను తిరుగుతాండాది," అన్నాడు. అని, ఎడమ చెవి వెనక్కి వేలు పెట్టి చూపించినాడు. "ఈడ తగల్యా. ఇంకొంచెం సల్లు."

బుడ్డి దులిపి దులిపి ఆఖరి చుక్కలు అక్కడ వేసినాను. ఆయన మళ్ళా "స్స్" అన్నాడు, ఈసారి మొహమంతా నవ్వుతో. జీపు డ్రైవరు దిగి వచ్చి నీడన కూర్చున్నాడు. అప్పుడు నాకు ఊపిరొచ్చింది.

లోపలికి వచ్చి కూర్చున్నంక రామాంజి ఖాళీ సీసా చేతిలోకి తీసుకోని, మూత వాసన చూసి, మెల్లగా నా చెవిలో చెప్పినాడు: "అమ్మా, ఇది ఆఫ్టర్‌షేవు." అదేదో ఓబులయ్య చెవిన కూడా పడింది. సీసా ఇటివ్వమన్నాడు. నా చీటీ పైకి పట్టుకోని చదివినాడు.

"జపాను పన్నీరు. ఎవురు రాసిండేది?"

"నేనే అన్నా."

"ఇది మొగోళ్ళు గడ్డానికి పూసుకునేదంట గదా?"

"ఇప్పుడే తెలిసింది."

"మరి పన్నీరని రాసినావే?"

"అక్షరాలు నేర్చుకోని ఎనిమిదేండ్లయింది అన్నా. బుద్ధి ఇంకా పలక మీదనే ఉండాది."

"నేర్పించింది ఎవురు?"

కిటికీ వైపు చూపించినాను. ప్రసన్న అప్పుడే మొహం కడుక్కోని వచ్చి నిలబడింది. ఓబులయ్య దాన్నీ, చీటీనీ మార్చి మార్చి చూసి, "రాత మాత్రం గుండ్రంగా ఉండాది. మా ఇంట్లో గూడా ఒక ముసలామె ఉండాది, అక్షరం ముక్క రాదు," అన్నాడు. ఇంక సంబంధం గురించి అడగాల్సింది ఏమీ మిగల్లేదని అందరికీ అర్థమైంది.

కాఫీ సంగతి మర్చిపోయినాం. ఈ గోలలో గ్లాసులో చల్లారిపోయింది. ఆయన ఎత్తి తాగుతుంటే కోడలూ నేనూ ఊపిరి బిగబట్టి చూసినాం. మొత్తం తాగినాడు. సల్లగా బాగుండాదని ఇంకో గ్లాసు అడిగినాడు.

తాంబూలాలు మార్చుకున్నారు. శనివారం అహోబిలం పోయి మా ఆయన గడ్డం ఇచ్చి వస్తాడు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి చెంపలు గీసుకుంటున్నాడు. అసలు ఆ సీసా ఆయనకిచ్చిన కానుక. దాన్ని తలకిందులు చేసి, అరచేతిలో దులుపుకోని, చుక్క కూడా రాకపోతే నా వైపు చూసినాడు. ఆ గడ్డం గంధం ఉంది గదా, పూసుకో అన్నాను. ఆయన పోయి ఆ డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాడు. అందుకే యాభై ఏళ్ళు కాపురం చేసినాం.

సాయంత్రం జీపు కదిలేటప్పుడు ఓబులయ్య కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను దగ్గరికి పిలిచినాడు. తువ్వాల చుట్టుకోలేదు, గాలికి గుండు అట్లే వదిలేసినాడు.

"పెండ్లికి గూడా ఇదే పన్నీరు తెప్పించు చెల్లెమ్మా. నేను మళ్ళా గుండు చేయించుకోని వస్తా."